చదునుగా పడుకోవాలి

అని రాసి ఉన్నది డబ్బలొచ్చిన పుస్తకంల, ఒకటో పేజీల.
పక్కన బొమ్మ:
నున్నటి మనిషి, నున్నటి బల్ల,
రెండింటి నడుమ గాలి కూడ దూరని వీపు.

మర్రిగూడ దిక్కు పల్లె దవాఖానల
నాకిది మూడో ఏడు.
డబ్బ పోయిన శ్రావణంల వచ్చింది.
సద్దిగిన్నెంత బరువు, పది తీగలు, చిన్న తెర.
సూపర్‌వైజర్ సారు ఒక పూట నేర్పి
చాయ తాగి పోయిండు.

మొదటి రాత్రి వచ్చినోడు జక్కలి బుచ్చిరాములు.
యాళ్ల రెండున్నర.
అల్లుడు బండి నడుపుతుంటే
వెనుక నుంచి సోమనర్సమ్మ మొగుణ్ని
గొర్రెపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోని.
"గ్యాసు బిడ్డా, రాత్రి మక్కగట్క తిన్న" అన్నడు.
చెమట మాత్రం గట్క చెమట గాదు.

గ్యాసు అనే మాట నాకు ఎరుకే.
నాలుగేండ్ల కింద మా మేనమామ
గదే మాటన్నడు, సోడ తాగిండు.
చండూరు దాటినంక చూస్తే
సోడ సీస చేతులనే ఉన్నది.

పండుకో పెద్దయ్యా, అన్న.
ఎట్ల పండుకుంటడు?
నలభై ఏండ్లు బోరింగు నీళ్లు తాగిన నడుము.
తల ఆనితే కాళ్లు లేస్తయి,
కాళ్లు ఆనితే తల లేస్తది.
మా ఊర్ల నిద్రంటేనే ఒక పక్కకు.

ఈ మిషను చేసినోడు
ఏ చల్లటి గదిల కూసున్నడో,
గుండె గురించి అంతగనం ఆలోచించిండు,
వీపు యాదికి రాలే.
ఏమనలేను.
వాని ఊరి నీళ్లు వేరు.

సోమనర్సమ్మ నెత్తి మీది గొంగడి తీసింది.
మూడు మడతలేసి మెడ కింద.
గోనెసంచి నడుము కింద.
నా చున్నీ చుట్టి మోకాళ్ల కింద.
ఇంకా సందు మిగిలితే
టీకాల రిజిస్టర్లు రెండు.

రొమ్ము మీద బ్లేడు పెడితే
నొప్పిల గూడ నవ్విండు:
"ఉన్ని కిలో ఎంతకు అమ్ముతవ్ బిడ్డా?"
జీవితమంత గొర్ల బొచ్చు కత్తిరిచ్చినోడు.
చేతులు వణికి
రెండో తీగ మూడో దాని జాగల పెట్టిన,
తీసి మళ్ల పెట్టిన.

తెర మీద గీతలు లేచినయ్.
నాకు సగమే అర్థమైతయి.

సిగ్నలు మా దగ్గర నీళ్ల ట్యాంకు మెట్ల మీదనే.
ఆ ట్యాంకుల ఇప్పుడు కృష్ణ నీళ్లు,
మంచి నీళ్లు,
బుచ్చిరాములు నడుము వంగినంక వచ్చిన నీళ్లు.
పదకొండో మెట్టు మీద నిలబడి పంపిన.
తెర మీద గుండ్రం తిరుగుతనే ఉన్నది.
కింద కుక్క మొరుగుతున్నది.
నలభై మూడు దాక లెక్కపెట్టిన.

నల్లగొండ నుంచి ఒక ఆడగొంతు,
నిద్రమబ్బు అసలే లేని గొంతు:
"సిస్టర్, ఇది అటాకే.
గోలీలున్నయా? నమిలించండి.
బండి బయలెల్లింది.
ఇంజక్షన్ మర్రిగూడలనే ఇస్తరు, చెప్పి పెట్టిన."
ఆ డాక్టరమ్మ మొఖం నేను ఇయ్యాల్టికీ చూడలే.
రోడ్డు మీద కనవడితే
పక్క నుంచే పోత కావచ్చు.

మెట్లు ఎట్ల దిగిన్నో యాది లేదు.
కుడికాలి చెప్పు తెల్లారి దొరికింది.

పన్నెండో రోజు పొద్దుగాల
దవాఖాన అరుగు మీద బుచ్చిరాములు.
సంకల గీతల కాగితం, చుట్ట చుట్టి,
పట్టాపాసుబుక్కు లెక్క భద్రంగ.
"గుండె మంచిగున్నదట.
ఇగ నడుము గురించి ఆ డబ్బను అడుగు బిడ్డా."

దానికి ఒకటే సంగతి ఎరుక పెద్దయ్యా, అన్న.
"మనిషికి రెండున్నయి గదా" అన్నడు,
అరుగు మీదనే ఒక పక్కకు ఒరిగి.

ఆయన పోయినంక పుస్తకం మొత్తం తిరగేసిన.
బ్యాటరీ గురించి ఆరు పేజీలున్నయి.
తడి తగలొద్దని ఉన్నది.

ఒకటో పేజీకి వచ్చి,
ఆ నున్నటి మనిషి మెడ కింద
నీలిపెన్నుతో గీసిన:
ఒక గొంగడి. మూడు మడతలు.